రెండు చేతుల పడవ

నేను ఒక మొబైల్ ఫోన్ని. గొప్ప కంపెనీ కాదు, గొప్ప రంగూ కాదు. వీపు మీద ఉన్న నా పేరును చిలక బొమ్మ స్టిక్కరొకటి ఎప్పుడో కప్పేసింది కాబట్టి ఆ సంగతి వదిలేయండి. నా గురించి మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే. వేలు తగిలితే లేస్తాను, తగలకపోతే పడుకుంటాను. మీలో చాలామంది బతుకు కూడా ఇంతేనని ఈ ఆరేళ్ళలో నాకు అర్థమైంది గానీ, ముఖం మీద అంటే బాగోదు.

నేను పుట్టింది ఒక పొడవాటి షెడ్డులో. పగలో రాత్రో తెలియని తెల్లటి ట్యూబులైట్ల కింద, నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను పరీక్షించింది. తెర మీద పైనుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి వేలితో గీతలు గీసింది. గీసిన చోటల్లా నేను పచ్చగా వెలిగాను. సరేనన్నట్టు తలూపి పక్కన పెట్టేసింది. నా ముఖం వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు, రోజుకు అలాంటి ముఖాలు ఎన్ని వందలు చూస్తుందో పాపం. లోకంతో నా మొదటి పరిచయం అలా జరిగింది.

నన్ను మొదట కొన్నాయన మందుల కంపెనీ ప్రతినిధి, పేరు సుధాకిరణ్. డాక్టర్ల గదుల బయట బెంచీల మీద కూర్చోవడమే ఆయన ఉద్యోగం. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఉచిత ఆటలు వెతికేవాడు. ఆడేవాడు అనలేదు, గమనించండి. వెతికేవాడు. ఒక ఆటను దింపుకోవాలంటే దానికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూసి, ముక్కూ ముఖం తెలియని నలభైమంది రాసిన అభిప్రాయాలు చదివి, అందులో తిట్లు రాసినవాళ్ళ బాధేమిటో ఆలోచించి, అప్పుడు నొక్కేవాడు. పెళ్ళిచూపుల్లో పావుగంట కూర్చుని సరేనని లేచి వచ్చిన మనిషి ఆయన. ఆ మాట ఫోన్లో స్నేహితుడికి చెబుతుంటే నేనే విన్నాను. అంత కష్టపడి తెచ్చుకున్న ఆటను రెండు నిమిషాలు ఆడి తీసిపారేసేవాడు. రెండేళ్ళలో నాలోకి వందల ఆటలు వచ్చాయి, పోయాయి. ఒక్కటీ చివరిదాకా ఆడిన పాపాన పోలేదు. ఆ తర్వాత ఇంకా పెద్ద తెర ఉన్న ఫోను వచ్చింది, నేను కాశీబుగ్గలో ఒక పాత ఫోన్ల కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను దమయంతి కొంది, తన కోసం కాదు, కూతురు యామిని కోసం. బళ్ళు మూసేసి పాఠాలన్నీ ఫోన్లో చెబుతున్న రోజులవి. చిలక స్టిక్కరు అంటించింది యామినే. ఆ పిల్ల నన్ను బాగానే చూసుకుంది. తిండి తినేటప్పుడు పక్కన పెట్టుకునేది, చీమలు పట్టకుండా తుడిచేది. దమయంతి మాత్రం నన్ను ముట్టుకునేది కాదు. ముట్టుకున్నా నాకు తెలిసేది కాదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

దమయంతి పదహారేళ్ళ వయసు నుంచి జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే మనిషి. పిక్క పగిలితే నల్లటి జిగురు కారుతుంది, అది చర్మాన్ని తినేస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత బూడిద అద్దుకున్నా ఇరవై ఏళ్ళకు వేళ్ళ చివర్లు కాయ కట్టి నున్నగా అరిగిపోతాయి. వేలిముద్ర అడిగే ఏ యంత్రమూ ఆమెను మనిషిగా ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోలేదు. ఆమె వేలు నా తెర మీద ఆనేది, నేను నిద్రపోతూనే ఉండేవాణ్ణి. నన్ను తాకినట్టు ఆమెకూ తెలియదు, ఆమె తాకినట్టు నాకూ తెలియదు.

ముప్పై ఎనిమిదో ఏట దమయంతికి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. మా వైపు ఈ జబ్బు కొత్తదేమీ కాదు, ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు, కాబట్టి ఎవరూ పెద్దగా గగ్గోలు పెట్టలేదు. మొగుడు చెన్నైలో సెంట్రింగు పని చేస్తాడు. వచ్చి, వారం ఉండి, తల పట్టుకుని కూర్చుని, మళ్ళీ రైలెక్కాడు. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఏడింటికి దమయంతి పలాసలో డయాలసిస్‌ గదిలో ఉండాలి. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చుతారు. నాలుగు గంటలపాటు రక్తం బయటికి వెళ్ళి, పక్కనున్న యంత్రంలో శుభ్రపడి, వెనక్కి వస్తుంది. ఆ నాలుగు గంటలూ ఆ చెయ్యి కదపకూడదు.

అక్కడి టెక్నీషియన్ లోకనాథం మంచివాడు. సూది గుచ్చేటప్పుడు రోజూ ఒకే మాట అడిగేవాడు.

"ఎలాగుందమ్మా?"

"ఉంది."

"నొప్పేమైనా ఉందా?"

"నేదు."

"భయమేస్తోందా?"

"నేదు బాబూ. ఏటీ అనిపించటం నేదు."

అబద్ధం కాదు, నిజంగానే ఆమెకు ఏమీ అనిపించేది కాదు. అన్నం రుచి తెలియదు, ఎండ తెలియదు, కూతురు నవ్వితే ఎందుకు నవ్విందో తెలియదు. పైకప్పు పంకా వంక చూస్తూ పడుకునేది. మూడు గంటలు కాగానే "సాలు, తీసీ బాబూ" అనేది. లోకనాథం బతిమాలేవాడు, కోప్పడేవాడు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు, ఏడ్చేది కాదు, అదే గొంతుతో మళ్ళీ "తీసీ" అనేది. రోగి తీసేయమంటే తీయక తప్పదు.

ఒకరోజు అతను యామినిని వరండాలోకి పిలిచాడు. నేను ఆ పిల్ల చేతిలోనే ఉన్నాను.

"నిన్ను భయపెట్టాలని కాదమ్మా. ప్రతిసారీ ఇలా గంట ముందు లేచిపోతే ఒంట్లో నీరు అలాగే ఉండిపోద్ది. ఏదో ఒకరోజు అది ఊపిరితిత్తుల్లోకి ఎక్కేస్తాది. అప్పుడు మేము చెయ్యగలిగింది ఏముండదు. మీ అమ్మని ఆ ఒక్క గంట ఎలాగోలా కూర్చోబెట్టు."

యామిని నన్ను గట్టిగా పట్టుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. అమ్మను బతికించే పని ఆ పిల్ల చేతికి వచ్చింది, ఆ చేతిలో ఉన్నది నేను.

అలా మొదలైంది ఉచిత ఆటల వేట. సుధాకిరణ్ వెతుకులాట చూసినవాణ్ణి కాబట్టి ఇది కూడా అంతే అనుకున్నాను. కాదు. ఈ పిల్ల నక్షత్రాలు చూడలేదు, అభిప్రాయాలు చదవలేదు. కాలేజీ మెట్ల మీద కూర్చుని తన ఎడమచేతిని వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో మాత్రమే ప్రతి ఆటా ఆడి చూసేది. ఆ గదిలో సిగ్నలు అందదు కాబట్టి నెట్ అడిగే ఆట పనికిరాదు. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి చదివించే ఆట పనికిరాదు. మధ్యలో డబ్బు కట్టమనేది అసలే వద్దు. పైగా నాలో చోటు లేదు. చోటు కోసం మొదట తన పాటలు తీసేసింది, తర్వాత స్నేహితురాళ్ళ ఫొటోలు. ఒక్కో ఫొటో తెరిచి, కాసేపు చూసి, తీసేసేది.

మొదట వచ్చింది పళ్ళు జతచేసే ఆట. దమయంతి వేలు ఆనించింది, నాకు తెలియలేదు. ఇంకోసారి ఆనించింది, అయినా తెలియలేదు. యామిని తడిగుడ్డ తెచ్చి అమ్మ వేలు దానికి అద్దించింది. అప్పుడు తెలిసింది, లీలగా. అలా ప్రతి నొక్కుకూ వేలు తడుపుకుంటూ ఎంతసేపు ఆడుతుంది? పదో నిమిషంలో నన్ను బోర్లా పెట్టేసింది.

తర్వాత వచ్చింది వ్యవసాయం ఆట. ఎంతసేపు తోడినా అందులోని బావి ఎండదు. దమయంతికి రోజుకు రెండు గ్లాసుల నీళ్ళే తాగమని చెప్పారు. గొంతు తడారిపోయి, పెదవులు నాలుకతో తడుపుకుంటూ, ఆ బొమ్మ టమాటా మొక్కలకు బిందెలు బిందెలు పోసేది. రెండు రోజులు పోసి, "దీనికి దాహం ఎక్కువ" అని మానేసింది. ఆ ఆట మాత్రం ఆమెను వదల్లేదు. సిగ్నలు దొరికినప్పుడల్లా మీ పంట ఎండిపోతోందని కబురు పెట్టేది. ఆమెకు ఆ కబురూ పట్టలేదు.

మూడోది యామిని తొందరలో చేసిన పొరపాటు. కాలేజీ గంట కొడుతుంటే పడవ బొమ్మ చూసి నొక్కేసింది, ఆడి చూడలేదు. నది మధ్యలో చిన్న పడవ. తెర ఎడమ పక్క ఒక మీట, కుడి పక్క ఒక మీట, అరచెయ్యి ఆనేంత పెద్దవి. ఎడమది నొక్కితే పడవ అటు, కుడిది నొక్కితే ఇటు తిరుగుతుంది. రాళ్ళు తప్పించుకుంటూ వంతెనల కిందనుంచి పోవాలి. మీటలు పెద్దవి కాబట్టి దమయంతి అరచేతి అంచుతో నొక్కినా నాకు తెలిసింది. కానీ రెండు మీటలూ వెంటవెంటనే నొక్కాలి. ఒక్క చేత్తో కుదరలేదు. నన్ను పక్కనున్న స్టూలు మీద పడేసింది.

అక్కడే ఎర్రమ్మ నా కథలోకి వచ్చింది. కుడిపక్క మంచం ఆమెది. అరవై ఏళ్ళుంటాయి. మంచినీళ్ళపేటలో చేపల గంప మోసిన మనిషి, గొంతు ఇంకా సంతలోనే ఉంటుంది. "మా ఊరి పేరు మంచినీళ్ళపేట, నాకు దక్కీది గుక్కెడు" అని తనమీద తనే నవ్వుకునేది. ఆమెకు సూదులు కుడిచేతికి. అందుకే ఆమె యంత్రం అటుపక్క, దమయంతిది ఇటుపక్క. రెండు మంచాల మధ్య ఖాళీ చేతులు రెండు వేలాడుతుండేవి, దమయంతి కుడిచెయ్యి, ఎర్రమ్మ ఎడమచెయ్యి.

"ఏటే పిల్లా, సెల్లు అలగ పడీసినావు?"

"రెండు సేతులు కావాలంట పిన్నీ. నాకొకటే ఉంది."

ఎర్రమ్మ తన ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి తిప్పి చూపించింది. "ఇదిగో, ఇది ఊరికినే పడుంది. నీదొకటి, నాదొకటి. ఎన్నయినాయి?"

దమయంతి ఆ చేతివంక, తన కుడిచేతివంక చూసింది. తర్వాత, "రెండు" అంది.

స్టూలును మధ్యకు లాగారు. ఎడమ మీట దమయంతికి, కుడి మీట ఎర్రమ్మకు. మొదటి రాయికే పడవ మునిగింది. రెండోసారీ అదే రాయి. "ఈ పడవ ఎవుడు కట్టినాడే? నా సేతికి దొరికితే సెప్తాను" అని ఎర్రమ్మ గోల. చేపలోళ్ళ ఇంట పుట్టి, చేపలోళ్ళ ఇంట మెట్టి, జన్మలో పడవ ఎక్కని మనిషి ఆమె. ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదట వాళ్ళ ఊళ్ళో. "మా ఆయన సూస్తే గుండాగి సస్తాడు" అని పకపకా నవ్వి, "ఎడంకి! ఎడంకి కొట్టే!" అని గది దద్దరిల్లేలా అరిచేది. నర్సమ్మ వచ్చి నోరు మూయించేది.

పడవ మునిగినప్పుడల్లా నాలో ముందే దింపుకున్న ప్రకటన ఒకటి అరనిమిషం నడిచేది. ఉచితం అంటే అదే మరి, డబ్బుకు బదులు కాలం గుంజుకుంటారు. ఆ కంపెనీవాళ్ళకు ఇంతకన్నా మంచి జనం దొరకరు. సబ్బు రాసుకుని తెల్లబడే పిల్లతో ఎర్రమ్మ మాట్లాడేది కూడా. "నల్లగున్నపుడే బాగున్నావే తల్లీ, ఎందికి నీకీ అవస్థ?" దమయంతి నవ్వలేదు. కానీ ప్రకటన అయిపోగానే తన చెయ్యి ముందే మీట మీద పెట్టి ఉంచడం మొదలుపెట్టింది.

పన్నెండో వంతెన దాటితే ఒడ్డు వస్తుందని యామిని చదివి చెప్పింది. వాళ్ళు మూడో వంతెనకు చేరడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో దమయంతి మూడు గంటలకు "తీసీ" అనడం మానేసింది. నేను గమనించేలోపే లోకనాథం గమనించాడు.

రాయికి తగిలినప్పుడు నేను గుర్రుమని వణకడాన్ని ఎర్రమ్మ తన చేతితో పోల్చేది. సూదులు గుచ్చే ఆ చేతుల్లో ముందే ఆపరేషన్ చేసి రక్తనాళాలను కలిపి ఉంచుతారు. అక్కడ చెయ్యి వేస్తే లోపల రక్తం గుర్రుమంటూ పరిగెత్తడం తెలుస్తుంది. పొద్దున్నే లేవగానే ఆ చప్పుడు ఉందో లేదో చూసుకోవడం వాళ్ళకు అలవాటు. అది ఆగిపోతే ఆ చెయ్యి ఇక పనికిరాదు. ఒక సోమవారం పొద్దున ఎర్రమ్మ చెయ్యి పలకలేదు. ఆమెను విశాఖ తీసుకెళ్ళారు. రెండో చేతికి ఆపరేషన్ చేసి, అది పనికొచ్చేదాకా మెడ దగ్గర గొట్టం పెట్టి అక్కడే డయాలసిస్ చేస్తారట. రెండు నెలలు పడుతుందన్నారు.

దమయంతి ఒక్కతే ఆడి చూసింది. ఒక్క మీటే నొక్కితే పడవ ఒకే వైపు తిరుగుతుంది. గిర్రున ఒక చుట్టు తిరిగి ఒడ్డుకు గుద్దుకునేది. నాలుగుసార్లు అలా చేసి నన్ను బోర్లా పెట్టేసింది. మళ్ళీ పంకా వంక చూపు. మళ్ళీ మూడు గంటలకు "తీసీ". తర్వాత రెండున్నరకే. తర్వాత ఒక బుధవారం అసలు వెళ్ళనేలేదు. "ఒక్క రోజుకి ఏటవుతాది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం తెల్లారేసరికి కాళ్ళు వాచిపోయాయి, ముఖం ఉబ్బింది, పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఆటోలో కూర్చోబెట్టే తీసుకెళ్ళారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, నాలుగు గంటలూ లోకనాథం అక్కడినుంచి కదల్లేదు. మధ్యాహ్నానికి ఊపిరి దారికొచ్చింది. యామిని మంచం అంచున నిలబడి ఉంది.

"నాకు భయంగా ఉందమ్మా."

"ఎందికే?"

"నువ్వు చచ్చిపోతావని. ఇంకెందుకు?"

ఆ పిల్ల చేతుల్లోంచి జారి నేను కింద పడ్డాను. గాజు పగిలింది, కుడి అంచున అడ్డంగా ఒక పట్టీ మేర నాకు స్పర్శ పోయింది. అది పెద్ద సంగతి కాదు. దమయంతి కూతురి ముఖంలోకి చూస్తోంది. భయపడకు అనాలని ఆమెకు తెలుసు, దగ్గరికి లాక్కోవాలని తెలుసు. మాట రాలేదు, చెయ్యి లేవలేదు. కన్న కూతురు ముందు నిలబడి ఏడుస్తుంటే తనకు ఏడుపు రానందుకు సిగ్గుపడి కళ్ళు మూసుకుంది. ఆ రోజు తర్వాత రావడం మానలేదు గానీ, మూడు గంటల మాట మాత్రం మారలేదు.

రెండు నెలల పది రోజులకు ఎర్రమ్మ తిరిగొచ్చింది. సగానికి సగం తగ్గిపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. గుమ్మంలోంచే, "నా పడవేదే పిల్లా!" అని అరిచింది. దమయంతి నన్ను ఎత్తి చూపించింది. అంతే, అక్కడితో ఆగిపోయింది. ఎర్రమ్మకు ఇప్పుడు సూదులు ఎడమచేతికి. పాత మంచానికి యంత్రం కుడిపక్క ఉంది, మధ్యలో ఇంకో యంత్రం పట్టదు. అందుకని ఆమెను కిటికీ దగ్గర చివరి మంచానికి పంపారు.

"అదే మంచం కావాలంటే ఒకటే దారి మామ్మా" అన్నాడు లోకనాథం. "తలా కాళ్ళూ తిరగేసి పడుకోవాలి. అప్పుడు ఎడమచెయ్యి మిషను వైపు వస్తాది."

"అంటే తల ఉత్తరానికా? ఓలమ్మో! నానింకా బతకాల బాబూ."

గదిలో ఎవరూ నవ్వలేదు. అక్కడున్న ప్రతి మంచమూ తల దక్షిణానికే ఉంటుంది. ఉత్తరం తల పెట్టుకుంటే యముణ్ణి పిలిచినట్టే అని అందరి నమ్మకం. మిగతాచోట్ల ఆ మాట ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారేమో. వారానికి మూడుసార్లు యంత్రం దయమీద బతికే పదకొండుమంది ఉన్న గదిలో తీసుకోరు. నర్సమ్మ కూడా వద్దనే అంది. రక్తాన్ని బయటికి తీసి కడిగి లోపలికి పంపే యంత్రాన్ని నమ్మినవాళ్ళు దిక్కులకు భయపడతారా అని నాకు ఆశ్చర్యం వేసింది. కానీ నాకేం తెలుసు? నాకు చచ్చే భయం లేదు.

మూడు రోజులు అలా గడిచాయి. ఎర్రమ్మ కిటికీ దగ్గర, దమయంతి ఇక్కడ. దూరం నుంచి అరుచుకోవడమే తప్ప ఆట లేదు. నాలుగో రోజు, సూదులు గుచ్చకముందు, దమయంతి మంచం మీద లేచి కూర్చుంది. నన్ను స్టూలు మీద పెట్టి అటూ ఇటూ తిప్పింది. కార్ఖానాలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చోరు, మోచేతులు తగులుకుంటాయని. ఎదురెదురుగా కూర్చుంటారు. అప్పుడు ఇద్దరి కుడిచేతులూ మధ్యలో ఉన్న ఒకే కుప్ప మీదకి ఇబ్బంది లేకుండా వస్తాయి. ఇరవై ఏళ్ళు అలా కూర్చున్న మనిషికి లెక్క చటుక్కున తెగింది.

"బాబూ, పిన్నిని నా మంచం మీద ఏసీయి. నాను పిన్ని పాత మంచం మీద తొంగుంటాను."

లోకనాథం గాల్లో చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "కుదురుద్ది. కానీ ఎడమచెయ్యి ఆ మిషను వైపు రావాలంటే నీ తల ఉత్తరం అవుద్దమ్మా."

"అవనీ."

కిటికీ దగ్గర్నుంచి ఎర్రమ్మ కేక. "వొద్దే పిల్లా! సిన్నదానివి, ఇంట్లో సదువుకునే గుంట ఉంది నీకు. ఆటకోసం అంత పని సేత్తావేటే? వొద్దు, నా మాటిను!"

"ఏ దిక్కు తలెట్టినా సూదులు తప్పుతాయేటి పిన్నీ? నాకేటీ అనిపించటం నేదు. రా."

ఆ మాట చాలా మామూలుగా అంది, అదే గొంతు, ఎత్తూ పల్లం లేని గొంతు. గదిలో అందరూ నమ్మారు. అయ్యో, దీనికి బతుకుమీద ఆశ పోయింది, అందుకే భయం లేదు అనుకున్నారు. లోకనాథం కూడా అదే అనుకున్నాడు.

నేను ఆమె కుడిచేతిలో ఉన్నాను. ఆమె చెయ్యి చెమట పట్టింది. అరచెయ్యి, వేళ్ళు, కాయ కట్టిన ఆ వేళ్ళ చివర్లు కూడా తడితడిగా అయిపోయాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి, తడిగుడ్డ లేకుండా, ఆమె అయిదు వేళ్ళూ నాకు విడివిడిగా తెలిశాయి. ఆమె భయపడుతోంది. చావాలని లేనివాళ్ళకు వేసే భయం అది. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పడానికి నాకు నోరు లేదు.

రెండు దిండ్లు ఎత్తుగా పెట్టి, ఉత్తరానికి తల చేర్చి పడుకోబెట్టారు. పక్కమంచం ముసలాయన ఒకాయన దండం పెట్టుకున్నాడు. ఎర్రమ్మ దమయంతి మంచం మీదకు వచ్చి, "నీకేటైనా అయితే నిన్ను సంపీస్తాను" అని తిట్టి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపింది.

మొదటి రోజంతా మునగడమే. దమయంతికి ఇప్పుడు నది తలకిందులుగా కనిపిస్తుంది, పడవ ఆమె మీదకే వస్తున్నట్టు ఉంటుంది. ఎర్రమ్మ ఎడమ అంటే ఆమెకు కుడి. పైగా ఇప్పుడు దమయంతికి వచ్చింది కుడి మీట, ఆ పక్కనే నాకు స్పర్శ పోయిన పట్టీ ఉంది, దానికి పైన వెతికి నొక్కాలి. "ఎడంకే! ఎడం కాదు, ఎడం!" అని ఎర్రమ్మ అరుస్తుంటే, ఎనిమిదోసారి మునిగాక, దమయంతి నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకుని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. దగ్గు కాదు, నవ్వు. వాడక చాలాకాలమై గొంతులో పట్టేసింది.

ఇక నా సంగతి. మూడు నెలలకు నా స్పర్శ పూర్తిగా పోయింది. పోయే ముందు యామిని ఆ ఆటను ఇంకో ఫోన్లోకి ఎక్కించుకుంది. వాళ్ళు ఇప్పుడు ఎన్నో వంతెన దగ్గర ఉన్నారో నాకు తెలియదు, అసలు ఇద్దరూ ఉన్నారో లేదో కూడా తెలియదు. నేను మళ్ళీ అదే కాశీబుగ్గ కొట్టులో, విప్పేసిన ఫోన్ల డబ్బాలో ఉన్నాను. మొన్న కొట్టాయన నన్ను తీసి, తెర మీద పైనుంచి కిందకి వేలితో ఒక గీత గీశాడు. నాకేమీ తెలియలేదు. డబ్బాలో పడేశాడు. బాధ లేదు. ఇది ఎలా ఉంటుందో దమయంతి పక్కన ఉండి ముందే చూశాను కాబట్టి కొత్తగా కూడా లేదు.

ఒక్కటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. నేను పోవడానికి ముందు ఒక శుక్రవారం, పడవ మొదటిసారి పదకొండో వంతెన దాటింది. గదిలో మిగతా మంచాల వాళ్ళు కూడా తలలు ఎత్తి చూస్తున్నారు. ఎర్రమ్మ అరవడం మరిచిపోయింది. యామిని కాలేజీ మానేసి స్టూలు పక్కన నేలమీద కూర్చుని ఉంది. అప్పుడు దమయంతి యంత్రం పీప్ పీప్‌మని మోగింది. నాలుగు గంటలూ అయిపోయాయి. లోకనాథం చేతికి గ్లౌజులు తొడుక్కుంటూ సూదులు తీయడానికి వచ్చాడు.

దమయంతి తల తిప్పలేదు. చూపు నా మీదే ఉంది, చెయ్యి మీట మీదే ఉంది.

"ఇప్పుడే తీయకు బాబూ" అంది. "ఇంకొంచెంసేపు ఉంటాను."